చెప్తే ఏమొస్తది బిడ్డా?

ఈ మాట నన్ను అడిగింది ఎనభై ఏళ్లు దాటిన ఒక అవ్వ. నల్లగొండ జిల్లాలో ఒక పల్లె. తెలంగాణ సాయుధ పోరాటం నాటి ఆడవాళ్ల జ్ఞాపకాల మీద నేను పీహెచ్‌డీ చేస్తున్న రోజులవి. చేతిలో చిన్న రికార్డరు, సంచిలో ప్రశ్నల కాగితాలు, బుర్ర నిండా ‘మనకు తెలియని మన చరిత్ర’. స్త్రీశక్తి సంఘటన 1986లో తెచ్చిన ఆ పుస్తకం చదివి పెరిగిన మా తరం పరిశోధకులకు ఒక నమ్మకం ఉండేది. మనం వెళ్లి అడిగితే చాలు, ఆడవాళ్లు మాట్లాడతారు, మాట్లాడ్డమే సగం విముక్తి అని.

అవ్వ అన్నను 1949లో మిలిటరీ వాళ్లు పట్టుకుపోయారు. క్యాంపుకు నడిపించుకుపోవడం ఊరంతా చూసింది. ఆ తర్వాత ఏమయిందో ఎవరూ చూడలేదు. శవం రాలేదు. జైలు నుంచి కార్డు ముక్క రాలేదు. అప్పుడు అవ్వకు పదమూడో పద్నాలుగో ఏళ్లు. వాళ్లమ్మ ఆ తర్వాత ముప్ఫై ఏళ్లు బతికి, ఒక్క రాత్రి కూడా ఇల్లు విడిచి బయట పడుకోలేదట. కూతురి కాన్పులకు కూడా పొద్దున వచ్చి పొద్దుగూకేలోగా వెళ్లిపోయేదట. “పోరడు వచ్చేసరికి ఇంటికి తాళముంటే ఎట్ల?” అనేదట.

వదిన సంగతి ఇంకో తీరు. ఆమె బొట్టు తీయలేదు, తీయమని చెప్పే ధైర్యం ఎవరికీ లేదు. కానీ ఊళ్లో పెళ్లయితే ఆమెను బొట్టు పెట్టి పిలవాలా వద్దా? పిలిస్తే వచ్చినవాళ్లు గొణుగుతారు, పిలవకపోతే వాడు చచ్చాడని మనమే తేల్చినట్టవుతుంది. అందుకని పెళ్లివాళ్లు ఆ ఇంటిముందుకు వచ్చేసరికి అడుగులు పెద్దవి చేసి దాటిపోయేవాళ్లట. ఈ సంగతి చెప్పేటప్పుడు అవ్వ నవ్వింది. నవ్వి, రికార్డరు వైపు చూసి అడిగింది: “ఇదంత ఇప్పుడు చెప్తే ఏమొస్తది బిడ్డా?”

చరిత్రలోకి వస్తుంది అవ్వా, అన్నాను. ఆమెకు ఏమొచ్చిందో నాకు తెలీదు. నాకైతే డాక్టరేట్ వచ్చింది.

ఆ సిగ్గుతోనే అనుకుంటాను, తర్వాత నేను ఆడవాళ్ల వాంగ్మూలాలు ఎక్కడ దొరికితే అక్కడ చదవడం మొదలుపెట్టాను. అలా చదువుతూ చదువుతూ స్ట్రాస్‌బర్గ్‌లోని యూరోపియన్ మానవ హక్కుల న్యాయస్థానం తీర్పుల దగ్గర ఆగిపోయాను. సాహిత్యం చదివినదానికి తీర్పులతో ఏం పని అని మా డిపార్ట్‌మెంట్‌లో కొందరు నవ్వారు. ఆ తీర్పులు ఒక్కసారి చదివి చూడండి. మొదట ‘వాస్తవాలు’ అని ఒక భాగం ఉంటుంది. అందులో ఆమె చెప్పిన కథ ఉంటుంది. దాని కిందే ప్రభుత్వం చెప్పిన కథ ఉంటుంది. ఇద్దరు కథకులు, ఒకే సంఘటన. నవల చదివేవాళ్లం ఎవర్ని నమ్మాలో తేల్చకుండా పుస్తకం మూసేయొచ్చు. ఆ జడ్జీలకు ఆ వీలు లేదు, తేల్చి తీరాలి. ప్రభుత్వం ఫైళ్లు ఇవ్వకుండా దాచిపెడితే, దాచినందుకు దాని కథ మీదే అనుమానం పెట్టుకునే అధికారం కూడా వాళ్లకుంది. ఆడదాని మాటకు సాక్ష్యం ఎక్కడుంది అని అడిగే అలవాటున్న లోకంలో ఇది చిన్న సంగతి కాదు.

ఇది ఒక దేశపు కోర్టు కాదు, ఐక్యరాజ్యసమితి కోర్టూ కాదు. కౌన్సిల్ ఆఫ్ యూరప్ అనే ఇరుగుపొరుగు దేశాల కూటమిది. 1950లో రాసుకున్న ఒడంబడిక మీద సంతకం పెట్టిన ఏ దేశం మీదైనా ఆ దేశపు మామూలు మనిషి అక్కడ ఫిర్యాదు చేయొచ్చు. రష్యా 1998లో ఆ ఒడంబడికను ఆమోదించింది. మరుసటి ఏడాదే చెచెన్యాలో రెండో యుద్ధం మొదలయింది. అక్కణ్నుంచి స్ట్రాస్‌బర్గ్‌కు వెళ్లిన ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం ఆడవాళ్లవే: తల్లులు, భార్యలు, అక్కచెల్లెళ్లు. మగవాళ్లు చనిపోయో, మాయమయ్యో, దాక్కునో ఉన్నారు. అర్జీ రాయడానికి మిగిలింది వీళ్లు.

అందులో మొదటి తీర్పులు 2005 ఫిబ్రవరిలో వచ్చాయి. వాటిలో ‘ఇసయేవా వర్సెస్ రష్యా’ కాతిర్-యుర్త్ అనే పల్లె గురించి. 2000 ఫిబ్రవరిలో, చుట్టుపక్కల ఊళ్లవాళ్లంతా తలదాచుకున్న ఆ పల్లె మీద రష్యా విమానాలు భారీ బాంబులు వేశాయి. ఊరు వదిలి బండిలో బయల్దేరిన ఒక తల్లి తన కొడుకునీ, ముగ్గురు మేనకోడళ్లనీ పోగొట్టుకుంది. ఈ తీర్పులో ఒక వాదం నన్ను కట్టిపడేసింది. చెచెన్యాలో జరిగేది యుద్ధమని రష్యా ఎన్నడూ ఒప్పుకోలేదు, ఉగ్రవాద వ్యతిరేక చర్య అంది. అత్యవసర పరిస్థితి ప్రకటించలేదు, ఒడంబడిక నుంచి మినహాయింపు కోరలేదు. సరే, నీ మాటే నిజం అనుకుందాం అంది కోర్టు. యుద్ధం కాకపోతే శాంతికాలపు కొలతలతోనే నిన్ను తూస్తాం. నీ సొంత పౌరులున్న పల్లె మీద అలాంటి బాంబులు వేయడానికి ఏ చట్టం ఒప్పుకుంటుంది?

పేర్లు మార్చి పిలవడం మనకేం కొత్త కాదు. 1948 సెప్టెంబర్‌లో భారత సైన్యం హైదరాబాద్ సంస్థానంలోకి ట్యాంకులతో వస్తే దానికి ‘పోలీసు చర్య’ అని పేరు. ఇప్పటికీ మన పాఠ్యపుస్తకాల్లో అదే పేరు. ఆ తర్వాత జరిగిన మారణకాండ మీద సుందర్‌లాల్ కమిటీ రాసిన నివేదికలో చనిపోయినవాళ్లు తక్కువలో తక్కువ 27,000 నుంచి 40,000 దాకా ఉంటారని ఉంది. ఆ నివేదిక దశాబ్దాల పాటు బయటికి రాలేదు. అవ్వ అన్నను పట్టుకుపోయింది ఆ ‘చర్య’ కొనసాగింపులోనే. పోలీసు చర్య అన్నారు కదా, అయితే పోలీసులు పట్టుకున్న మనిషి ఏ స్టేషన్ రిజిస్టర్‌లో ఉన్నాడు అని అడిగే కోర్టు ఆ తల్లికి దొరకలేదు.

నేను చాలాసార్లు తిరిగి చదివిన తీర్పు మాత్రం ‘బజోర్కినా వర్సెస్ రష్యా’, 2006 జులై. 2000 ఫిబ్రవరి 2న అల్ఖాన్-కాలా అనే చోట రష్యా సైన్యం కొందరిని పట్టుకుంది. వాళ్లలో గాయపడిన ఒక పాతికేళ్ల కుర్రాణ్ని ఒక జనరల్ ప్రశ్నించి, వీణ్ని తీసుకెళ్లి ముగించేయండి అన్నట్టు సైనికులకు చెప్పాడు. అక్కడున్న టీవీ కెమెరాలో అదంతా రికార్డయింది. ఆ కుర్రాడి తల్లి ఇంట్లో కూర్చుని సాయంత్రం వార్తల్లో దాన్ని చూసింది. నెలల తరబడి కబురు లేని కొడుకు తెర మీద కనిపించాడు, కనిపించిన ఆ కాసేపట్లోనే మాయమయ్యాడు. ఆమె జైళ్లు తిరిగింది, ప్రాసిక్యూటర్ల ఆఫీసులు తిరిగింది. టీవీలో అందరూ చూసిన ఆ సంఘటన మీద నేర విచారణ మొదలుపెట్టడానికి ప్రభుత్వానికి దాదాపు ఏడాదిన్నర పట్టింది. ఆ జనరల్ 2004లో ఉత్తర కాకసస్ సైనిక మండలానికే అధిపతి అయ్యాడు.

కొడుకు చనిపోయాడనే భావించాలని, దానికి ప్రభుత్వానిదే బాధ్యతని కోర్టు చెప్పింది. అంతటితో ఆపలేదు. ఇన్నేళ్లు ఆ తల్లికి జవాబు చెప్పకుండా తిప్పడం, ఆ తిప్పడమే, ఆమె పట్ల జరిగిన అమానుష ప్రవర్తన అంది. చిత్రహింసలను నిషేధించే మూడో అధికరణం కింద అది విడిగా ఒక ఉల్లంఘన. కొడుక్కి జరిగినదానికి ఆమె వారసురాలిగా రాలేదు, బాధితురాలిగా నిలబడింది. దీనికి దారి 1998లో ‘కుర్త్ వర్సెస్ టర్కీ’ కేసులో పడింది. అది కుర్దు ప్రాంతంలో సైనికులు పట్టుకున్నాక కనిపించకుండా పోయిన ఒక మనిషి కోసం తల్లి వేసిన కేసు.

ఇది చదివిన రోజు నాకు అవ్వ వాళ్లమ్మ గుర్తొచ్చింది. మన చట్టంలో ఏడేళ్లు కబురు లేని మనిషిని చనిపోయినట్టు భావించొచ్చు. ఆస్తి పంపకాలకు, మారుమనువుకు అది పనికొస్తుంది. కానీ ఆ ఏడేళ్లు ఎదురుచూసిన మనిషికి ఏం జరిగింది అన్న ప్రశ్న ఆ సెక్షన్‌లో లేదు. ఎదురుచూపును మనం పాటల్లో పెట్టుకున్నాం, అది ఆడదాని సహజ గుణం అన్నట్టు. అది ఒకరు చేసిన గాయం, చేసినవాడికి ఒక చిరునామా ఉంది అని ఒక న్యాయస్థానం రాయడం నాకు చాలా పెద్ద విషయంగా అనిపించింది. ఇప్పటికీ అనిపిస్తుంది.

అయితే ఇంకో తీర్పు చదివాక ఆ సంతోషం కాస్త తగ్గింది. 1999లో ‘చకీజీ వర్సెస్ టర్కీ’. అందులో మాయమైన మనిషి కోసం కేసు వేసింది అతని సోదరుడు. తోబుట్టువు అయినంత మాత్రాన చాలదంది కోర్టు. బంధం ఎంత దగ్గరిది, సంఘటనను కళ్లారా చూశారా, వెతకడంలో ఎంత తిరిగారు, అధికారులు ఎలా జవాబిచ్చారు, ఇవన్నీ కలిపి చూడాలంది. తల్లీబిడ్డల బంధానికి ఎక్కువ తూకం. ఆ సోదరుడి విషయంలో ఆ గాయాన్ని గుర్తించలేదు. కోర్టు ఇబ్బంది నాకు అర్థమవుతుంది, ఎక్కడో ఒకచోట గీత గీయాలి కదా. కానీ ‘వెతకడంలో ఎంత తిరిగారు’ అన్న ఆ కొలత దగ్గర నేను ఆగాను. తిరగడానికి బస్సు చార్జీలు కావాలి. అర్జీ రాయించుకునే మనిషి కావాలి. మగతోడు లేకుండా గడప దాటే వీలుండాలి. తిరిగిన తల్లికి తీర్పులో పేజీలు పేజీలుంటాయి. తాళం వేస్తే వాడొచ్చి తిరిగిపోతాడని ఇంట్లోంచి కదలని తల్లికి ఏ రసీదు ఉంటుంది? ఆమె ముప్ఫై ఏళ్లు చేసిన పనే కదలకుండా ఉండడం. బొట్టు ఉంచుకున్న వదిన దగ్గర ఏ ఆఫీసు ముద్ర ఉంటుంది? కశ్మీర్‌లో ఇలాంటి భార్యలను ‘అర్ధ వితంతువులు’ అంటారు. ఆ పేరు పెట్టడానికైనా అక్కడ ఆడవాళ్లు పోగై కూర్చోవాల్సి వచ్చింది. 1994లో పర్వీనా అహంగర్ మొదలుపెట్టిన మాయమైనవారి తల్లిదండ్రుల సంఘం లేకపోతే ఆ మాట మనదాకా వచ్చేదా?

ఇంకో విషయం కూడా చెప్పాలి. తల్లిగా వెళ్లిన స్త్రీకి ఆ కోర్టులో చోటు దొరికినంత సులువుగా, తన ఒంటి మీద జరిగినదాన్ని చెప్పుకునే స్త్రీకి దొరకలేదు. తప్పు కోర్టుది మాత్రమే కాదు. కస్టడీలో జరిగే అత్యాచారం చిత్రహింసేనని 1997లోనే ‘ఐదిన్ వర్సెస్ టర్కీ’ కేసులో చెప్పారు, పదిహేడేళ్ల కుర్దు అమ్మాయి ధైర్యం వల్ల. అయినా చెచెన్యా నుంచి మాయమైన మగవాళ్ల కేసులు వందల్లో వస్తే అత్యాచారాల కేసులు దాదాపు రాలేదు. ఎందుకు రాలేదో మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. కొడుకు కోసం ఏడ్చే ఆడదాని వెనక ఊరు నిలబడుతుంది. తన కోసం ఏడ్చే ఆడదాని వెనక ఇల్లు కూడా నిలబడదు.

చెప్పడంలో ఉన్న ప్రమాదం దీనికన్నా పెద్దది. స్ట్రాస్‌బర్గ్‌లో ఫిర్యాదు చేసిన ఒక చెచెన్ మహిళ 2003 మే నెలలో తన ఇంట్లోనే హత్యకు గురయింది. ఆమెతో పాటు భర్త, కొడుకు, తమ్ముడు కూడా. కూతురు ఆ కేసును ముందుకు నడిపితే 2007లో తీర్పు వచ్చింది. ఈ కుటుంబాల సాక్ష్యాలు పోగుచేసిన నతాలియా ఎస్తెమిరోవాను 2009 జులైలో గ్రోజ్నీలో ఇంటి దగ్గర ఎత్తుకుపోయి చంపేశారు. రాసిన అన్నా పొలిత్‌కోవ్‌స్కాయాను అంతకుముందే, 2006 అక్టోబర్‌లో, కాల్చేశారు. మాట్లాడమని మనం ఎవరినైనా అడిగేటప్పుడు ఈ లెక్క కూడా ముందు పెట్టుకుని అడుగుతున్నామా? మౌనాన్ని బద్దలు కొట్టాలని సెమినార్లలో అంటాం. బద్దలయ్యాక ఆ ముక్కల మధ్య బతకాల్సింది మనం కాదు.

పోనీ గెలిచినవాళ్లకు ఏం దొరికింది? బజోర్కినా కేసులో 35,000 యూరోలు. రష్యా ఇలాంటి సొమ్ము చాలా ఏళ్ల పాటు కడుతూనే వచ్చింది. నేరస్థుల్ని పట్టుకోవడం మాత్రం చేయలేదు. 2012 డిసెంబర్‌లో కోర్టే ఇది ఒకటి రెండు కేసుల లోపం కాదు, మొత్తం వ్యవస్థదే అని చెప్పింది. కట్టిన డబ్బు దర్యాప్తు చేయకుండా ఉండడానికి రుసుములా మారిపోయింది. ఆ డబ్బు తీసుకున్న ఆడవాళ్లను తప్పుపట్టేవాళ్లు ఎక్కడైనా ఉంటారు, కొడుకు ప్రాణానికి వెల కట్టించుకుందని. నేను ఆ మాట ఒప్పుకోను. కొంపలు కూలిపోయి, సంపాదించే చేయి పోయిన ఇళ్లవి. త్యాగం పేరుతో ఆకలిని కూడా ఆడవాళ్ల దగ్గరే వసూలు చేయకూడదు. తీసుకోవడంలో తప్పు లేదు, ఇచ్చి చేతులు దులుపుకోవడంలో ఉంది.

మనకు ఇది తెలియని కథేం కాదు. విశాఖ మన్యంలోని వాకపల్లిలో 2007 ఆగస్టు 20న కూంబింగ్‌కు వచ్చిన పోలీసులు తమపై అత్యాచారం చేశారని 11 మంది ఆదివాసీ స్త్రీలు బయటికి వచ్చి చెప్పారు. ఊరి ముందు, పత్రికల ముందు, కోర్టుల ముందు మళ్లీ మళ్లీ చెప్పారు. 2023 ఏప్రిల్‌లో ప్రత్యేక కోర్టు పోలీసులందరినీ విడిచిపెట్టింది, దర్యాప్తు సరిగా జరగలేదంటూ. బాధిత స్త్రీలకు పరిహారం ఇవ్వమంది. నేరం రుజువు కాలేదు, పరిహారం మాత్రం ఉంది. ఆ తర్వాత పై కోర్టులున్నాయి, నిజమే. వాటిని కూడా దాటి, ఈ రాజ్యానికి సంబంధం లేని చెవి ఒకటి ఉందా అంటే లేదు. యూరప్‌కు, అమెరికా ఖండాలకు, ఆఫ్రికాకు మానవ హక్కుల న్యాయస్థానాలున్నాయి. ఆసియాకు లేదు. సార్క్‌లో అలాంటిదాని ఊసే లేదు.

ఎందుకు లేదంటే మా అంతర్గత వ్యవహారం అంటారు. ఈ మాట వినగానే స్త్రీవాదులకు నవ్వు రావాలి. మా ఇంటి విషయం, మధ్యలో మీరెవరు అనే మగవాడి మాటే కదా ఇది, కాస్త పెద్ద గొంతుతో. ఆ గడప దాటడానికి మనకు ఎన్నాళ్లు పట్టింది? 1983లో 498ఎ, 2005లో గృహహింస చట్టం. పక్కింటివాళ్లు తలుపు కొట్టడం కాపురాలు కూల్చడం కాదని ఇంకా వాదిస్తూనే ఉన్నాం. దేశాల మధ్య పొరుగు కోర్టు కూడా అలా తలుపు కొట్టే చేయి లాంటిదని నేను అనుకుంటాను. మరీ దూరాన ఉన్నవాళ్లకు పట్టదు, మరీ దగ్గరివాళ్లు భయపడతారు.

కానీ పొరుగువాళ్లకూ వాళ్ల లెక్కలుంటాయి. 1999లో నాటో విమానాలు బెల్‌గ్రేడ్ టీవీ కేంద్రం మీద బాంబులు వేసి 16 మందిని చంపాయి. చనిపోయినవాళ్ల కుటుంబాలు స్ట్రాస్‌బర్గ్‌కు వెళితే, ఆ చోటు మా పరిధిలోకి రాదని 2001లో వెనక్కి పంపేశారు. 2008 ఆగస్టు నాటి జార్జియా యుద్ధం మీద 2021 జనవరిలో వచ్చిన తీర్పు ఇంకా ఘోరం. కాల్పులు ఆగాక జరిగినవాటికి రష్యాను తప్పుపట్టారు గానీ, పోరు జోరుగా సాగిన ఆ అయిదు రోజుల్లో అంతా గందరగోళం కాబట్టి అక్కడ ఎవరి అధికార పరిధీ లేదన్నారు. బాంబు పడేటప్పుడు చట్టం వీధి అరుగు మీద కూర్చుని, పొగ తగ్గాక లోపలికి వస్తుందన్నమాట. 2025 జులై 9న ఉక్రెయిన్, నెదర్లాండ్స్ వేసిన కేసులో కోర్టు ఆ దారి నుంచి చాలా దూరం జరిగింది. సైనిక దాడులు కూడా లెక్కలోకి వస్తాయంది. అత్యాచారాన్ని యుద్ధాయుధంగా వాడారని, అది చిత్రహింసేనని రాసింది. అప్పటికి రష్యా ఆ ఒడంబడికలో లేదు. 2022 మార్చిలో కౌన్సిల్ నుంచి పంపేశారు, సెప్టెంబర్ 16తో బంధం పూర్తిగా తెగింది. తీర్పు ఉంది, అమలు చేయాల్సినవాడు గుమ్మం దాటి వెళ్లిపోయాడు. చెచెన్ తల్లులకు ఆ తలుపు కూడా మూసుకుపోయింది.

అందుకే చెప్తే ఏమొస్తది అన్న ప్రశ్నకు నా దగ్గర ఇప్పటికీ నిఖార్సయిన జవాబు లేదు. కాపాడడం అనే మాటను ఈ కోర్టులు చాలావరకు భూతకాలంలోనే వాడగలిగాయి. అయినా నీకు జరిగింది గాయమే, నీ పిచ్చి కాదు అని అధికార ముద్రతో రాసిన కాగితం ఒకటి ఉండడం, లేకపోవడం ఒకటే అని నేను అనలేను. ఆ కాగితం కోసం ఎవరినైనా ప్రాణం పణంగా పెట్టమని కూడా అడగలేను. ఇప్పుడు ఎవరి దగ్గరికైనా వెళితే, రికార్డరు తీయకముందే ఇవి రెండూ చెబుతున్నాను. కొందరు మాట్లాడుతున్నారు, కొందరు టీ ఇచ్చి పంపేస్తున్నారు.

థీసిస్ అచ్చయ్యాక ఒక కాపీ తీసుకుని అవ్వ దగ్గరికి వెళ్లాను. ఆమెకు చదువు రాదు. మా అన్న పేరు యాడున్నది, చూపెట్టు అంది. పరిశోధన నియమాల ప్రకారం పేర్లు మార్చామని, గోప్యత కోసమని ఏదో నసిగాను. అవ్వ అర్థం కానట్టు చూసింది. “పేరు లేకుంటే అది మా అన్నదెట్లయితది?” అంది. నేను పెన్ను తీసి ఆ పేజీ అంచున ఆయన అసలు పేరు, ఇంటిపేరుతో సహా, రాసి పైకి చదివాను. ఇంటిపేరు తప్పు పలికావంది. దిద్దుకుని మళ్లీ రాశాను.